విడుదలైన మనిషికి పూచీ ఎవరు?

(అండమాన్ దీవులలోని బతు బస్తీలో తెలుగు ఉద్యోగుల, కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



రైలుపట్టా లేని దీవికి రైల్వే ఉద్యోగిని పిలిచి మాట్లాడమన్నారు. పట్టా లేకపోయినా తపాలా సంచీ మాత్రం ఈ దీవులకు ఓడలోనో విమానంలోనో చేరుతూనే ఉన్నది. కనుక మన పత్రికను చదివే సోదరులు ఇక్కడ కూడా ఉన్నారు. నేటి విషయం వారికీ, మెట్టభూమి మీద పనిచేసే మన వారికీ సమానంగా అవసరమైనదే. నేరారోపణకు గురై విచారణ ముగియకమునుపే జామీనుపై విడుదలైనవారిని, శిక్షకు బదులుగా ప్రొబేషన్ పొందినవారిని ప్రభుత్వం ఏ విధంగా కనిపెట్టి ఉండవలెను? వారు తిరిగి కోర్టుకు వస్తారనుటకు పూచీ ఏమిటి? ఇది వకీళ్లు చూసుకొనే సంగతి గదా అని మీకు తోచవచ్చును. ఈ బస్తీకి దాపుననే ప్రోత్రాపూర్‌లో జిల్లా జైలు ఉన్నది. అక్కడికి వెళ్లినవారి కుటుంబాలు ఇటువంటి బస్తీలలోనే ఉంటాయి. వకీళ్ల వీధులలో ఉండవు.

దేశపు అత్యున్నత న్యాయస్థానం ఈ విషయమై ఇచ్చిన ఒక ప్రసిద్ధమైన తీర్పులో తెలుగువాని పేరూ పోర్ట్ బ్లెయిర్ పేరూ ఒకే వాక్యంలో కనబడతాయన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. అది 1978 ఆగస్టు 24వ తేదీ నాటి మోతీరాం కేసు. మోతీరాం మధ్యప్రదేశ్‌కు చెందిన తాపీమేస్త్రి. అతనికి జామీను ఇమ్మని సుప్రీంకోర్టే ఆదేశించినది. ఆ ఆదేశాన్ని అమలు జరుపవలసిన మేజిస్ట్రేటు పదివేల రూపాయలకు జామీనుదారును తెమ్మన్నాడు. సోదరుని పూచీ ఇప్పించబోతే, ఆయన ఆస్తి పొరుగు జిల్లాలో ఉన్నదని తిరస్కరించినాడు. మేస్త్రి మరల సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చినది. జస్టిస్ కృష్ణయ్యర్ అప్పుడు సూటిగా ఒక ప్రశ్న వేసినారు. మలయాళీ అయినా, కన్నడిగుడైనా, తమిళుడైనా, తెలుగువాడైనా బస్తరులోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో, పహల్గాంలోనో, చాందినీ చౌకులోనో అరెస్టయితే, ఆ దూరప్రాంతంలో ఆస్తిపాస్తులు గల జామీనుదారును అతడు ఎక్కడినుండి తేగలడని ఆ ప్రశ్న సారాంశం. పని వెతుక్కుంటూ వచ్చినవానికి అక్కడ తెలిసిన ముఖమే ఉండకపోవచ్చునని కూడా వారు గుర్తించినారు. చివరకు వెయ్యి రూపాయల సొంత పూచీకత్తుపై మోతీరాంను విడిచిపెట్టినారు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాలనుండి వలల మోపుతో, తాపీ సంచితో ఈ దీవులకు వచ్చి నిలదొక్కుకున్న కుటుంబాలు ఈ సభలో అనేకం ఉన్నాయి. ఆ ప్రశ్న మన ఇంటి ప్రశ్న కాదని చెప్పగలవారు ఎవరు? సొంత ఊరిలో అరెకరం ఉన్నా దాని పాసుపుస్తకం ఇక్కడి కచేరీలో నడవదన్నారు. ఆ కాగితం తెప్పించుకొనుటకు విశాఖ ఓడ కొరకు వేచి, సముద్రంపై రెండు మూడు రోజులు గడపవలెను. అంతకాలమూ మనిషి లోపలే ఉంటాడు. అతడు నేరం చేసినాడా లేదా అన్న విచారణకు ఇంకా తొలి వాయిదా కూడా పడి ఉండదు.

ఈ ఊరు, ఇప్పుడు అధికారికంగా శ్రీ విజయపురమైన పోర్ట్ బ్లెయిర్, పుట్టినదే మనుషులను కనిపెట్టి ఉంచుట కొరకు. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ రెండు వందలమంది ఖైదీలతో ఇక్కడ దిగినాడు. తరువాత వలస ప్రభుత్వం మెట్లుమెట్లుగా ఒక పద్ధతిని నిర్మించినది. పందొమ్మిదవ శతాబ్దం చివరనాటికి ఆ పద్ధతి ఈ విధంగా ఉండేది. యావజ్జీవ ఖైదీ మొదటి ఆరునెలలు ఒంటరి గదిలో ఉండవలెను. అటుపిమ్మట కొంతకాలం ఇతరులతో కలిసి జైలులో, ఆ తరువాత మూడేండ్లు కూలిలేని కఠిన శ్రమలో గడపవలెను. పిదప అయిదేండ్లు స్వల్పమైన కూలితో పని. ఈ విధంగా పదేండ్లు సవ్యంగా గడిపినవానికి సెలవు టికెట్టు అనే అనుమతి లభించేది. ఆ టికెట్టు పొందినవాడు గ్రామంలో ఇల్లు కట్టుకొని, నేల దున్నుకొని, పశువులను పెంచుకొని బ్రతుకవచ్చును; భార్యాబిడ్డలను రప్పించుకొనవచ్చును; ఇక్కడనే వివాహమాడవచ్చును. అయితే అనుమతి లేకుండా ఈ వలస పొలిమేర దాటరాదు, పనిలేక కూర్చొనరాదు. అతనికి స్వేచ్ఛ లేదు, కాని సంసారం ఉన్నది.

ఈ పద్ధతిని పొగడుట నా ఉద్దేశం కాదు. చుట్టూ సముద్రమే గోడగా ఉన్నచోట ప్రభుత్వం ఔదార్యం చూపినదనుకొనుట అమాయకత్వమే అగును. టికెట్టు రాకముందు ఖైదీల మెడలో వేలాడిన చెక్క బిళ్లను కూడా మరువరాదు. ఆ బిళ్లమీద ఖైదీ సంఖ్య, ఏ సెక్షను క్రింద శిక్ష పడినదో, ఏ రోజున పడినదో, ఎప్పుడు విడుదల కావలెనో చెక్కి ఉండేవి. మనిషి కథ యావత్తూ ఒక చిన్న కర్రముక్కలో ఇమిడిపోయేది. అయినప్పటికీ ఆ కఠినమైన ప్రభుత్వానికి కూడా ఒక సత్యం అర్థమైనది. నేలా, పశువూ, పిల్లలూ ఉన్న మనిషి పారిపోడు. అతనిని నిలిపి ఉంచేది వేరు, గొలుసు కాదు. టికెట్టు మనిషికి ఆస్తిగల జామీనుదారును తెమ్మని వారు అడగలేదు. స్వతంత్ర భారతదేశంలోని కోర్టులు మాత్రం తాపీమేస్త్రిని పదివేలకు ఆస్తి చూపుమన్నాయి.

ఇదే సత్యాన్ని 1961లో అమెరికాలోని న్యూయార్కు నగరంలో వెరా సంస్థవారు లెక్కలతో నిరూపించినారు. దానికి మాన్‌హట్టన్ బెయిల్ ప్రాజెక్టు అని పేరు. జామీను సొమ్ము కట్టలేక జైలులో పడివున్న బీదవారిని విద్యార్థులు కలిసికొని, మీరు ఈ ఊరిలో ఎంతకాలంగా ఉంటున్నారు, ఏ పని చేస్తున్నారు, ఎవరితో కలిసి ఉంటున్నారు, మిమ్ము ఎరిగినవారెవరు అని అడిగి, ఆ జవాబులను సరిచూచి, వేళ్లు గట్టిగా ఉన్నవారిని సొమ్ము లేకుండానే విడువవచ్చునని న్యాయమూర్తికి సిఫారసు చేసేవారు. ఆ విధంగా విడుదలైనవారిలో కావాలని కోర్టుకు ఎగవేసినవారు నూటికి ఇద్దరైనా లేరు. 1979 ఫిబ్రవరిలో బీహారు జైళ్లలో మ్రగ్గుతున్న విచారణ ఖైదీల గురించి హుస్సైనారా ఖాతూన్ కేసు వచ్చినప్పుడు జస్టిస్ భగవతి ఈ ప్రయోగాన్నే ఉదాహరించినారు. నిందితుని వేళ్లను అంచనా వేయునప్పుడు చూడవలసిన విషయాలను కూడా వారు పేర్కొన్నారు. ఆ ఊరిలో ఎంతకాలంగా ఉన్నాడు, ఉద్యోగం ఎటువంటిది, కుటుంబబంధాలు ఎట్లున్నవి, పూర్వచరిత్ర ఏమిటి అనువాటితోబాటు, అతని నమ్మకానికి హామీ ఇవ్వగల బాధ్యతగల వ్యక్తులెవరు అనునది కూడా వాటిలో ఒకటి.

ఆ చివరి మాటను మన సంఘాల కార్యదర్శులు ఎర్రసిరాతో గీత గీసి ఉంచుకొనదగును. మనిషిని ఇరవై ఏండ్లుగా ఎరిగినవాడు, అతడు ఏ షిఫ్టుకు వస్తాడో, ఏ క్వార్టరులో ఉంటాడో, అతని బిడ్డ ఏ బడిలో చదువుతున్నదో తెలిసినవాడు బాధ్యతగల వ్యక్తి కాక ఇంకెవరు?

దానికి కొంత ముందు, 1977 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో జస్టిస్ కృష్ణయ్యరే ఈ బాటకు కొబ్బరికాయ కొట్టినారు. జామీనును నిరాకరించుట శిక్ష వేయుటకు మారుపేరు కారాదనీ, ముప్పును తగిన షరతులతో తగ్గించుకొనవచ్చుననీ ఆ తీర్పు సారం.

మరి ఇన్ని తీర్పుల తరువాత ఏమి జరిగినది? 2022 సంవత్సరాంతానికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అనగా నూటికి డెబ్బదియైదు మందికి పైగా ఇంకా దోషులని తేలనివారు. జామీను మంజూరైన తరువాత కూడా పూచీ కాగితం దొరకక లోపలనే ఉన్నవారు వీరిలో ఉన్నారు. ఈ దుస్థితిని చూచి సుప్రీంకోర్టు 2023 జనవరి 31న మరికొన్ని ఆదేశాలు ఇచ్చినది. జామీను వచ్చిన ఏడు రోజులలో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతిని జిల్లా న్యాయసేవల సంస్థ కార్యదర్శికి తెలియజేయవలెను. నెల దాటినా పూచీకత్తు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతును సడలించుటను ఆలోచింపవచ్చును. స్థానిక జామీనుదారే కావలెనన్న పట్టుదల విడుదలకు అడ్డమగుచున్నది గనుక అటువంటి షరతు పెట్టకుండుట మంచిదని కూడా అదే ఆదేశంలో ఉన్నది. మోతీరాం మేస్త్రి అడిగినదానికి నలుబది నాలుగేండ్లు దాటిన తరువాత మరల అదే మాట చెప్పవలసి వచ్చినదంటే, క్రింది కచేరీలలో అలవాటు ఎంత మొండిదో మీరే ఊహించుకొనవచ్చును.

చట్టం కూడా కొంత మారినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షను ప్రకారం, ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడు తనపై మోపిన నేరానికి గల గరిష్ఠ శిక్షలో మూడవవంతు కాలం జైలులో గడిపితే పూచీకత్తుపై విడుదలకు అర్హుడు. ఇతరులకు సగం కాలం. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష విధించదగిన నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించిన కేసులు నడుస్తున్నవారికి కూడా వర్తించదు. గడువు పూర్తికాగానే కోర్టుకు దరఖాస్తు పెట్టవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. జామీను పొందదగిన చిన్న నేరాలలో వారం రోజులలోగా జామీనుదారును తేలేనివానిని బీదవానిగా భావించి సొంత పూచీపై విడువవలెనని 478వ సెక్షను చెప్పుచున్నది. సొమ్ము కట్టలేని విచారణ ఖైదీకి నలుబదివేల రూపాయల వరకు సహాయం చేసే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023లో ఏర్పరచినది.

ఇప్పటివరకు బయటికి రావడం గురించి చెప్పినాను. వచ్చినవానిపై ఉండే కన్ను సంగతి ఇంకొకటి. ప్రతి సోమవారం ఉదయం పదిగంటలకు పోలీసు స్టేషనుకు వచ్చి సంతకం పెట్టవలెనను షరతు మన ప్రాంతాలలో సర్వసాధారణం. చూచుటకు చిన్న షరతే. వేటకు వెళ్లిన పడవ సోమవారం తీరానికి రాకపోవచ్చును. లోకో పైలట్‌కు సోమవారం డ్యూటీ ఎక్కడ పడునో ఆదివారం రాత్రి వరకు తెలియదు. నాకు తెలిసిన ఒక ఆర్.ఎం.ఎస్. మెయిల్ గార్డుకు ప్రతిదినమూ సంతకం షరతు పడినది. బండి ఎక్కితే షరతు తప్పును, ఎక్కకపోతే జీతం తప్పును. వరుసగా సెలవులు పెట్టి, సెలవులన్నీ కరిగిపోయిన తరువాత సెషన్సు కోర్టులో దరఖాస్తు వేసి షరతును వారానికి ఒకసారికి మార్పించుకొన్నాడు. మొదటి రోజుననే డ్యూటీ చార్టును న్యాయమూర్తి ఎదుట పెట్టి ఉంటే నెలన్నర జీతం మిగిలేది. మేజిస్ట్రేటు పెట్టిన షరతును సడలించే అధికారం సెషన్సు కోర్టుకూ హైకోర్టుకూ ఉన్నది. ఈ దీవులకు కలకత్తా హైకోర్టే హైకోర్టు. దాని సర్క్యూట్ బెంచి ఇక్కడనే కూర్చుంటుంది.

ఇప్పుడు సంతకంతో తృప్తిపడని కాలం వచ్చినది. 1983లో అమెరికాలోని ఆల్బుకర్కీ నగరంలో జాక్ లవ్ అను న్యాయమూర్తి, స్పైడర్‌మాన్ బొమ్మల కథలో చూచిన ఒక యుక్తిని అనుసరించి, ప్రొబేషన్‌పై ఉన్నవారి కాలికి సంకేతాలు పంపే పరికరాన్ని తగిలించే ఏర్పాటు చేసినాడు. నేడు ఆ దేశంలోని అనేక కౌంటీలలో, అనగా మన జిల్లాల వంటి పాలనా విభాగాలలో, విచారణ ఖైదీలకు ఇది మామూలైపోయినది. ఆ పట్టీకి దినవారీ అద్దెను తొడుగుకొన్నవానిచేతనే కట్టించుకొనే కౌంటీలు ఎన్నో ఉన్నాయి. సంకెళ్లకు అద్దె కట్టుట వలస ప్రభుత్వానికి కూడా తట్టని ఆలోచన! కాలిఫోర్నియా రాష్ట్రం ఇటువంటి రుసుములను 2021లో రద్దు చేసినది.

మన దేశంలో 2023 నవంబరులో జమ్మూ కాశ్మీర్ పోలీసులు, జామీనుపై విడుదలైన ఒక నిందితుని కాలికి జి.పి.ఎస్. పట్టీని మొదటిసారిగా తొడిగినారు. అదే సంవత్సరం కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా జైళ్ల చట్టంలో, సెలవుపై వెళ్లే ఖైదీ అటువంటి పట్టీ తొడుగుకొనుటకు అంగీకరించవలెనను నిబంధన ఉన్నది. మెడలోని చెక్క బిళ్ల కాలి మడమకు దిగినదన్నమాట. జైలులో ఉంచుటకంటె పట్టీతో ఇంటికి పంపుట మేలు కాదా అని కొందరు అడుగుదురు. లోపల ఉండవలసినవానికి అది మేలే. సొంత పూచీపైనే రాగలిగినవానికి కూడా పట్టీ తొడిగితే అది అదనపు శిక్ష అగును. పట్టీ చవకగా దొరకునప్పుడు ఏ అధికారియైనా దానిని అందరికీ తొడుగవలెననే చూచును. నా భయమల్లా అదే.

ఈ విషయంలో 2024 జూలై 8న సుప్రీంకోర్టు ఒక గట్టి మాట చెప్పినది. నైజీరియా దేశస్థుడైన ఒక నిందితునికి జామీను ఇచ్చుచూ, గూగుల్ పటంలో తాను ఉన్నచోటును దర్యాప్తు అధికారికి నిరంతరం కనిపించునట్లు గుర్తు పెట్టి ఉంచవలెనని షరతు విధించినారు. జస్టిస్ ఓకా, జస్టిస్ భుయాన్ ఆ షరతును కొట్టివేసినారు. జామీనుపై ఉన్నవాని ప్రతి కదలికనూ పోలీసులు చూచుచుండుట రాజ్యాంగం ఇచ్చిన ఏకాంత హక్కుకు భంగకరమని తీర్పు. పరదేశికి వర్తించిన ఈ రక్షణ మన ట్రాక్‌మన్‌కు వర్తించదని ఎవరైనా అంటే ఆ తేదీని వారికి చూపవలెను.

ఇక ఉద్యోగం మాట. జామీను కాగితం ఒక్కరోజు ఆలస్యమైతే మనకు ఏమగునో ప్రతి శాఖలోనూ తెలిసి ఉండవలెను. రైల్వే ఉద్యోగుల 1968 నాటి క్రమశిక్షణ నిబంధనలలో 5వ నియమం, తపాలా సోదరులకు వర్తించే 1965 నాటి నిబంధనలలో 10వ నియమం ఒకే మాట చెప్పుచున్నవి. నలుబది ఎనిమిది గంటలకు మించి నిర్బంధంలో ఉన్న ఉద్యోగి, నిర్బంధించిన తేదీనుండి సస్పెండైనట్లే. ఎవరూ ఆలోచించి నిర్ణయించనక్కరలేదు. బయటికి రాగానే అది దానంతట తొలగిపోదు. అధికారి రద్దుచేయువరకు నడుచును. అంతవరకు సగం జీతపు సెలవుకు సమానమైన జీవనభృతితో ఇల్లు గడుపుకొనవలెను. గ్రామీణ డాక్ సేవకునికైతే పుట్ ఆఫ్ డ్యూటీ పేరున మొదట దక్కేది భత్యంలో కొంత భాగమే. శుక్రవారం సాయంత్రం అరెస్టయి, శనివారం మేజిస్ట్రేటు జామీను ఇచ్చినా, జామీనుదారు కాగితాలు సోమవారం గాని దొరకకపోతే ఆ నలుబది ఎనిమిది గంటలు గడిచిపోవును. అరెస్టయిన సంగతిని పై అధికారికి వెంటనే తెలుపుట కూడా ఉద్యోగి విధి. దాచిపెడితే అదొక ప్రత్యేక అభియోగం.

ప్రొబేషన్ విషయంలో మనవారిలో ఒక అపోహ బలంగా ఉన్నది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం క్రింద కోర్టు మందలించి విడిచినా, మంచి నడవడికి పూచీకత్తు వ్రాయించుకొని ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచినా, ఇక ఉద్యోగానికి ఢోకా లేదని అనుకొందురు. ఆ చట్టంలోని 12వ సెక్షను, దోషిగా తేలుటవలన కలిగే అనర్హత తగలదని చెప్పిన మాట నిజమే. కాని దక్షిణ రైల్వేకు చెందిన పాయింట్స్‌మన్ చెల్లప్పన్ కేసులో 1975లోనే సుప్రీంకోర్టు, ప్రొబేషన్ వచ్చినంతమాత్రాన దోషనిర్ధారణ చెరిగిపోదనీ, శాఖాపరమైన శిక్షకు ఆ సెక్షను అడ్డు కాదనీ తేల్చినది. అయితే శిక్షకు ముందు ఉద్యోగి మాట వినవలెనన్నది. 1985 జూలైలో తులసీరాం పటేల్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వినవలసిన బాధ్యతను తొలగించినది. నేటి నిబంధనలలో ప్రతిపాదిత శిక్షపై విన్నపం చేసుకొనే అవకాశం మరల చోటు చేసుకొన్నది. నోటీసు వచ్చినప్పుడు ఆ విన్నపాన్ని తేలికగా తీసికొని రెండు వాక్యాలు వ్రాసి పంపువారిని చూచి బాధ కలుగును. వాదించగల చోటు అదొక్కటే.

ఆ చోట ఎంత బలముండునో 1985 మార్చి నాటి శంకర్‌దాస్ కేసు చూపినది. ఢిల్లీ పాల పథకంలో నగదు గుమాస్తా. కష్టకాలంలో అయిదు వందల రూపాయలు వాడుకొన్నాడు, తిరిగి కట్టినాడు. మేజిస్ట్రేటు అతని దురవస్థను చూచి ప్రొబేషన్‌పై విడిచినాడు. శాఖ మాత్రం ఉద్యోగంనుండి తొలగించినది. సుప్రీంకోర్టు, 12వ సెక్షను అతనిని కాపాడదని చెప్పుచునే, శిక్షించే అధికారాన్ని న్యాయంగా వాడవలెననీ, ఈ శిక్ష నేరానికి తగినది కాదనీ, పూర్తి బకాయి జీతంతో తిరిగి చేర్చుకొనుమనీ ఆదేశించినది.

జామీనుకు సంతకం పెట్టబోవు సోదరులకు ఒక హెచ్చరిక. మన జీతపు ధ్రువపత్రానికి కోర్టులో విలువ ఉన్నది గనుక ఎవరో తెలియనివారు కూడా వచ్చి అడుగుదురు. నిందితుడు ఎగవేస్తే ఆ మొత్తం మన చేతినుండి వసూలగును. ఎంతమందికి ఇదివరకే పూచీ పడినామో చట్టం ప్రకారం ప్రకటించవలెను కూడా. మొగమాటానికి పూచీ పడకూడదు. ఎరిగినవాని విషయంలో వెనుదీయనూ కూడదు.

శాఖ కార్యదర్శి చేయదగిన పని ఒకటున్నది. ఆ ఉద్యోగి ఎన్నేండ్లనుండి పనిచేయుచున్నాడు, ఎక్కడ ఉంటున్నాడు, ఇంట ఎవరున్నారు, అతని డ్యూటీ వేళలు ఏవి, మునుపు ఏ కేసైనా ఉన్నదా, అతనిని ఎరిగి మాట ఇవ్వగలవారెవరు అనునవి ఒక కాగితంపై వ్రాసి, క్రింద సంతకం చేసి, జీతపు పత్రమును, డ్యూటీ చార్టును జతపరచవలెను. ఇక్కడి వడ్రంగికి, పడవవానికి ఈ బస్తీ పెద్దలు అటువంటి కాగితమే వ్రాయవచ్చును. అది జామీను దరఖాస్తు విచారణకు వచ్చే ఉదయమే వకీలు చేతిలో ఉండవలెను. వకీలును పెట్టుకోలేనివారికి జిల్లా న్యాయసేవల సంస్థ ఉచితంగా ఇచ్చును. అడుగవలసినది వారి కచేరీలోనే.